పంపు పోలేదు, ఎర్త్ పోయింది: నా అనుభవం

సెల్ఫ్ చక్కగా తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. కాసేపు ఆగి మళ్లీ తాళం తిప్పితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. మా పాత పెట్రోల్ కారు వేసవంతా ఇలాగే ఏడిపించింది. విశాఖలో ఎండాడ ఎత్తు ఎక్కుతుండగా ఓసారి దమ్ము తగ్గిపోయి హైవే మీదే ఆగిపోయింది, వెనక లారీల హారన్లు, పక్కన అమ్మ, ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను.

చూపించిన చోట, ట్యాంకులోంచి ఇంజిన్‌కి పెట్రోల్ తోసే పంపు గురించి "పంపు పోయింది సార్, మార్చేద్దాం" అన్నారు. ట్యాంకు కింద తడితే పంపు మళ్లీ అందుకునేది కాబట్టి ఆ మాట నమ్మేలాగే ఉంది. కానీ కొత్త పంపంటే వేలల్లో ఖర్చు, వేశాక కూడా తగ్గకపోతే ఎవరిని అడగాలి? ముందు కరెంటు సంగతి తేల్చుకుందామని మల్టీమీటర్ తీశాను.

పంపుకి కరెంటు వెళ్లే దారి పెద్దదేం కాదు. బ్యాటరీ, ఫ్యూజ్, రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్), వెనక సీటు కింద కప్లర్ (వైర్లని కలిపే ప్లగ్గు), ట్యాంకులో పంపు, అక్కడి నుంచి నల్ల వైరు బాడీకి ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగొచ్చే దారి. తాళం ఆన్ చేయగానే ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, రిలేని రెండు సెకన్లు కలుపుతుంది, అప్పుడు వెనక నుంచి జుయ్‌మని వినపడాలి. మాకు వినపడుతోంది గానీ నీరసంగా. ఫ్యూజ్ బాగుంది. అదే నంబరున్న హారన్ రిలే తెచ్చి పెట్టినా తేడా లేదు. కప్లర్ ఊడదీసి ఆ రెండు సెకన్లలో కొలిస్తే 12.4 వోల్టులు. అది చూసిన ఎవరైనా పంపే పోయిందంటారు.

ఆటోనగర్‌లో ఏళ్ల తరబడి వైరింగ్ చేసిన తెలిసిన పెద్దాయనకి ఫోన్ చేస్తే ఒకటే మాట: "పీకేసి కొలిస్తే ఏటి తెలుస్తాది బాబూ, పంపు తిరుగుతుండగా చూడు."

ఈ మాట దగ్గరే అసలు విషయమంతా ఉంది. కొళాయి కట్టేసి ఉంటే సగం పూడిపోయిన పైపులో కూడా ప్రెషర్ నిండుగానే ఉంటుంది, తిప్పాకే సన్నటి ధార బయటపడుతుంది. మీటర్ తీసుకునే కరెంటు దాదాపు సున్నా, అందుకే చిలుము పట్టిన వైరు కూడా దానికి పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. ఓమ్‌లలో కొలిచినా పట్టుబడడం కష్టం, ఎందుకంటే ఐదు ఆంపియర్లు లాగే పంపు దారిలో ముప్పావు ఓమ్ అడ్డున్నా మూడున్నర వోల్టుల పైనే పోతుంది, అంత చిన్న కొలతలో మీటరు వైర్ల అడ్డు కూడా కలిసిపోతుంది.

రిలే తీసి, అది కలిపే 30, 87 నంబర్ల పిన్నులని ఫ్యూజున్న వైరుతో కలిపి పంపుని ఆగకుండా తిప్పాను. నిప్పురవ్వ వస్తే బానెట్ దగ్గరే రావాలి, ట్యాంకు దగ్గర కాదు, ఇది మాత్రం మర్చిపోకండి. కప్లర్ ఊడదీయకుండా వెనక నుంచి పిన్ను గుచ్చి చూస్తే పంపుకి అందుతున్నది 8.4 వోల్టులే! బ్యాటరీ ప్లస్ నుంచి పంపు ప్లస్ దాకా పోయింది 0.3. పంపు నల్ల వైరు నుంచి బ్యాటరీ మైనస్ దాకా ఏకంగా 3.6. దొంగ ఎర్త్ వైపే ఉన్నాడు.

కార్పెట్ లేపితే ఆ నల్ల వైరుని బాడీకి బిగించిన బోల్టు కనపడింది. వైరు చివరి రింగు మీద పచ్చటి చిలుము, దాని కింద బాడీ రేకు తుప్పు పట్టి పొరలుగా లేస్తోంది, వేలితో కదిపితే రింగు ఆడుతోంది. తడితే పంపు ఎందుకు తిరిగేదో అప్పుడు అర్థమైంది. మేముండేది సాగర్‌నగర్‌లో, ఉప్పుగాలికి కిటికీ ఊచలకే ఏటా రంగు వేయాలి, ఇక కారు కింద రేకు ఎంత?

బ్యాటరీ మైనస్ తీసేసి, రేకుని ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది, నల్లబడిన వైరు కోసేసి కొత్త రింగు వేసి, బిగించాక పైన గ్రీజు రాశాను. మళ్లీ కొలిస్తే ఎర్త్ వైపు 0.05, పంపు దగ్గర 11.9. శబ్దం కూడా గట్టిపడింది. పాత పంపే నడుస్తోంది. వచ్చే ఆదివారం హెడ్‌లైట్ల ఎర్త్, ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే లావు వైరు కూడా ఇలాగే లోడు మీద, అంటే కరెంటు పారుతుండగా కొలవాలి.