ముందు మ్యూట్‌లో చూడండి

వన్యప్రాణుల డాక్యుమెంటరీ వేసినప్పుడల్లా మా సైన్స్ మాస్టారు మొదట సౌండ్ తీసేసేవారు. పది నిమిషాలు బొమ్మ మాత్రమే చూసి, కంటికి కనబడింది నోట్సులో రాయాలి. తర్వాత అదే పది నిమిషాలు తెరకు వీపు పెట్టి వినాలి. మూడోసారి రెండూ కలిపి చూడాలి. ఇప్పుడు మన పిల్లలకీ పనికొస్తుందని ఆ పద్ధతి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మ్యూట్‌లో మొదట గమనించాల్సింది, వేటాడే జంతువూ దాని ఎరా ఒకే షాట్‌లో ఎన్నిసార్లు కనిపించాయన్నది. ఒక్కసారీ కనిపించకపోతే వేర్వేరు రోజుల షాట్లను అతికించి ఉండొచ్చు. నీడల మీద కూడా కన్నేయండి. షాట్ మారగానే పొట్టి నీడ పొడుగైతే మధ్యలో గంటలు గడిచాయన్నమాట. ఏ రెండు పులుల చారలూ, ఏ రెండు చీతాల మచ్చలూ ఒకేలా ఉండవు కాబట్టి పాజ్ చేసి పోల్చితే అదే జంతువో కాదో తేలిపోతుంది. 2016లో బీబీసీ ‘ప్లానెట్ ఎర్త్ 2’లో పాముల గుంపు నుంచి ఇగువానా (పెద్ద బల్లి లాంటి జంతువు) పిల్ల తప్పించుకునే దృశ్యం చాలామంది చూసే ఉంటారు. అందులో ఉన్నది ఒకే పిల్ల కాదని తీసినవాళ్లే చెప్పారు.

కాలాన్నీ లెక్కేయాలి. సెకనుకు 1000 ఫ్రేములు (విడి బొమ్మలు) తీసి 25 చొప్పున చూపిస్తే ఒక్క సెకను 40 సెకన్లవుతుంది. పది నిమిషాలకో ఫ్రేము తీస్తే రోజంతా విచ్చుకున్న పువ్వు ఆరు సెకన్లలోపే అయిపోతుంది.

ఇక శబ్దం. వందల మీటర్ల దూరం నుంచి టెలిఫోటో లెన్స్‌తో తీసిన జంతువు అడుగుల చప్పుడు మైకుకు అందదు. దాన్ని స్టూడియోలో చేత్తో పుట్టిస్తారు. మంచు మీద నడక కావాలంటే కార్న్‌ఫ్లోర్ (మొక్కజొన్న గంజి పొడి) నింపిన సంచిని నొక్కుతారు, అచ్చం కరకరలాడుతుంది.

అసలు జాగ్రత్త వ్యాఖ్యానం దగ్గర. 1958 నాటి డిస్నీ చిత్రం ‘వైట్ వైల్డర్‌నెస్’లో లెమ్మింగ్‌లు (ఎలుకల్లాంటి చిన్న జంతువులు) గుంపులుగా కొండ అంచు నుంచి దూకుతాయి. మూకుమ్మడి ఆత్మహత్య అన్నట్టుగా సముద్రంలోకి వెళ్లిపోతున్నాయని వెనక గొంతు చెబుతుంది. తీసింది కెనడాలోని ఆల్బెర్టాలో, అక్కడ సముద్రమే లేదు. తెప్పించిన లెమ్మింగ్‌లను మనుషులే నదిలోకి తోశారని 1982లో కెనడా ప్రసార సంస్థ సీబీసీ కార్యక్రమం బయటపెట్టింది. అదే దృశ్యాన్ని మ్యూట్‌లో చూస్తే కనిపించేది పడిపోతున్న చిన్న జంతువులే. చావాలన్న కోరిక మాటల్లోంచే వచ్చింది. అందుకే మూడోసారి చూసేటప్పుడు ‘దుఃఖిస్తోంది’, ‘పగబట్టింది’ లాంటి మాట వినబడగానే మొదటి నోట్సు తీయాలి. అందులో ‘పిల్ల పక్కనే కదలకుండా నిలబడింది’ అని ఉంటే మనం చూసింది అంతవరకే.

తెలుగు డబ్బింగ్‌లో మరో చిక్కుంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. ‘గడ్డిలో పొంచి ఉన్న పులి అదను చూసి జింక మీదికి...’ అంటుండగానే దూకడం అయిపోయి, ‘దూకింది’ అనే మాట ఖాళీ గడ్డి మీద పడుతుంది. బాగా రాసేవాళ్లు ఆ చోట ముందే ఆగిపోతారు. పులి దూకుతుంది, గొంతు మాట్లాడదు.