గింజల గిన్నె నిండుగానే ఉండేది

ఆ రోజు పొద్దున్న ఈల వినపడలేదు. మా చిన్ను ఆరేళ్ళ మగ కాకటీల్, అంటే ఒక చిన్న జాతి చిలక. పంజరం మీది గుడ్డ కాస్త జరిపితే చాలు, తల మీది కుచ్చు నిక్కబొడుచుకుని వరసగా రెండు ఈలలు వేసేవాడు. ఆ రోజు పంజరం అడుగున ఒక మూలకి చేరి, ఈకలన్నీ ఉబ్బించుకుని కూర్చున్నాడు. కళ్ళు సగం మూసుకున్నాడు. ఊపిరి తీసినప్పుడల్లా తోక కిందికీ పైకీ ఊగుతోంది. రెట్టలో తెల్లగా ఉండాల్సిన భాగం ఆకుపచ్చగా ఉంది.

పక్షులు జబ్బుని చివరిదాకా దాచుకుంటాయి. అడవిలో నీరసంగా కనపడిన పక్షినే వేటాడే జంతువులు ముందు పట్టుకుంటాయి కాబట్టి అది వాటి పుట్టుకతోనే వచ్చిన జాగ్రత్త. అంటే చిన్నుకి జబ్బు ఆ పొద్దున్న మొదలవలేదు, దాచుకునే ఓపిక ఆ పొద్దున్నకి అయిపోయింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఎందుకంటే గుర్తులు చాలా ముందునుంచే కనపడ్డాయి. ముక్కు త్వరత్వరగా పెరిగిపోయేది. రెక్క ఈకల మీద అడ్డంగా సన్నని గీతలు ఉండేవి. వయసు మీద పడుతోందేమో అనుకున్నాను.

పక్షుల డాక్టరు ముందు తూచారు. 121 గ్రాములు. కాకటీల్‌కి మామూలుగా 80 నుంచి 110 దాకా ఉంటుంది. తర్వాత నా వేలు తీసుకుని వాడి రొమ్ము ఎముక మీద పెట్టించారు. ఎముక అంచు గట్టిగా తగిలింది. రెండు పక్కలా కండ ఉండాల్సిన చోట లోతుగా ఉంది. పొట్ట మీద మాత్రం చర్మం కింద పసుపు రంగు కొవ్వు కనపడుతోంది.

"ఏం పెడుతున్నారండీ?"

"గింజలండీ. పొద్దుతిరుగుడు గింజలంటే ప్రాణం. గిన్నె ఎప్పుడూ ఖాళీ అవనివ్వను."

ఆ జవాబు నేను గర్వంగానే చెప్పాను. వాడిని తెచ్చుకున్న చోట గింజలు, నీళ్ళు ఉంటే చాలన్నారు, నమ్మాను.

రక్త పరీక్ష, ఎక్స్‌రే అయ్యాయి. కాలేయానికి కొవ్వు పట్టింది, బాగా వాచింది. కాలేయం పాడైతే మనకి కళ్ళు పసుపు పచ్చబడతాయి. పక్షుల్లో పిత్తం రంగే ఆకుపచ్చ, అది రెట్టలో దిగుతుంది. నాలుగు రాత్రులు వాడిని అక్కడే, 30 డిగ్రీల వెచ్చని పెట్టెలో ఉంచి, చర్మం కింద సెలైన్, గొట్టంతో ఆహారం ఇచ్చారు. ఆ నాలుగు రోజులూ ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

లావెక్కిన పక్షికి పోషకాహారం తక్కువైందంటే నాకు ముందు అర్థం కాలేదు. డాక్టరు ఓపిగ్గా చెప్పారు. పొద్దుతిరుగుడు గింజలో దాదాపు సగం కొవ్వే. ప్రోటీన్ కూడా ఐదో వంతు దాకా ఉంటుంది, కానీ అందులో లైసీన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. అమైనో ఆమ్లాలంటే ప్రోటీన్‌ని కట్టే ఇటుకల్లాంటివి. ఒంట్లో కండ కట్టాలంటే కావలసిన అమైనో ఆమ్లాలన్నీ తగినంత ఉండాలి, ఒక్కటి తక్కువైనా మిగిలినవి ఎన్ని ఉన్నా పని అక్కడే ఆగుతుంది. విటమిన్ ఎ, కాల్షియం అయితే ఆ గింజల్లో లేనట్టే లెక్క. ఈకలో తొంభై శాతం ప్రోటీనే. ఈకలు రాలి కొత్తవి వచ్చే కాలంలో సరైన తిండి అందకపోతే ఆ లోటు ఈక మీదే గీతగా పడుతుంది. నేను వయసు అనుకున్నది అదే.

ఇంటికి తెచ్చిన రోజే నాకు రోజూ గుడ్డు పెట్టేయాలన్నంత ఆత్రం. డాక్టరు ఆపారు. ఒంటికి అక్కర్లేని ప్రోటీన్‌ని కాలేయం యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది, మూత్రపిండాలు దాన్ని బయటికి పంపాలి. జబ్బుపడిన కాలేయానికి అంత పని ఒక్కసారిగా ఇవ్వకూడదు. అలాగని కడుపు మాడ్చకూడదు. కొవ్వు పట్టిన కాలేయం ఉన్న పక్షి పస్తుంటే ఒంట్లో కొవ్వు కరిగి ఇంకా కాలేయానికే చేరుతుంది. గింజల బదులు పెల్లెట్లు, అంటే పోషకాలు కలిపి గుళికలుగా చేసిన పక్షుల మేత, మెల్లగా అలవాటు చేయమన్నారు. "పెల్లెట్లు తినకపోతే వాడే దారికొస్తాడులే అని గింజలు తీసేయకండి" అని రెండుసార్లు చెప్పారు.

పెల్లెట్లు అలవాటు చేయడానికి ఏడు వారాలు పట్టింది. మొదటి పది రోజులు వాటిని ముట్టుకోలేదు, ముక్కుతో ఒక్కొక్కటే తీసి కింద పడేసేవాడు. పొడి చేసి తడి గింజల మీద చల్లాను. వాడి ఎదురుగా కూర్చుని నేనూ నోట్లో వేసుకుని నమిలినట్టు నటించాను. అది పని చేసింది! చిలకలు గుంపుతో కలిసి తినే పక్షులు కదా, వాడికి గుంపంటే నేనే. రోజూ పొద్దున్నే వంటింటి త్రాసు మీద నిలబెట్టి గ్రాములు రాసుకున్నాను. బరువులో పదో వంతు తగ్గితే వెంటనే తీసుకురమ్మన్నారు. ఆ త్రాసు వైపు చూస్తున్నంతసేపూ టెన్షనే.

మూడో వారం దాటాక గుడ్డు మొదలుపెట్టాం. గట్టిగా ఉడికించి మెదిపి, వారానికి రెండుసార్లు, ఒక్కోసారి అర చెంచా. కావలసిన అమైనో ఆమ్లాలన్నీ ఒకేచోట ఉన్న తిండి అది. శుభ్రంగా కడిగి ఉడికించిన పెంకుని పొడి చేసి కాల్షియం కోసం చిటికెడు కలుపుతాను. గుడ్డు త్వరగా పాడవుతుంది, గంట దాటితే గిన్నె తీసేస్తాను.

మిగతా రోజుల్లో పప్పుధాన్యాలు. పెసలు మొలకెత్తించి, రోజుకి మూడుసార్లు కడిగి, మొలక కొంచెం కనపడగానే పెడతాను. జిగురుగా అనిపించినా, పుల్లటి వాసన వచ్చినా పారేయడమే. శనగలు, బఠానీలు ఉప్పు లేకుండా మెత్తగా ఉడకాలి. రాజ్మా అయితే నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, బాగా మరగనిచ్చి ఉడికించాలి, పచ్చిగా ఉంటే అందులో విషపదార్థం ఉంటుంది. పప్పులతో పాటు కాస్త ఉడికిన ధాన్యం కలుపుతాను. పప్పులో తక్కువైన మెతియోనిన్ అనే అమైనో ఆమ్లం ధాన్యంలో, ధాన్యంలో తక్కువైన లైసీన్ పప్పులో దొరుకుతాయి. వేరుశనగలు మాత్రం పూర్తిగా మానేశాను. వాటికి పట్టే బూజు విషం సూటిగా కాలేయాన్నే దెబ్బ తీస్తుంది, ఆ భయం నాకు పోలేదు. ప్రోటీన్ కోసమని పాలు కూడా పట్టను, పక్షులకి పాలలోని చక్కెర అరగదు.

ఇవన్నీ కలిపినా పళ్ళెంలో చిన్న భాగమే. సగానికి పైగా పెల్లెట్లు, తర్వాత క్యారెట్, ఆకుకూరలు. పొద్దుతిరుగుడు గింజలు ఇప్పుడు రోజుకి నాలుగు, అవీ నా చేతి మీదికి ఎగిరి వచ్చినప్పుడు.

రెండో నెలలో రెట్టలో తెలుపు తిరిగి వచ్చింది. బరువు నెమ్మదిగా దిగి 98 దగ్గర నిలిచింది. రొమ్ము ఎముక మీద వేలు పెడితే రెండు పక్కలా కండ గుండ్రంగా తగులుతోంది. మొదటి ఈల ఒక మధ్యాహ్నం వేశాడు, అదీ సగమే. నేను చేస్తున్న పని వదిలేసి పంజరం ముందు కూర్చుండిపోయాను.

ఈమధ్యే మళ్ళీ ఈకలు రాల్చాడు. గీతలున్న పాతవి ఒక్కొక్కటే కింద పడ్డాయి. పొద్దున్నే వాడు ఒక కాలూ ఒక రెక్కా కలిపి బారుగా చాపి ఒళ్ళు విరుచుకుంటాడు. అప్పుడు కిటికీ వెలుతురు కొత్త ఈకల్లోంచి వస్తుంది. ఒక్కొక్కటీ వెతికి వెతికి చూస్తాను. ఎక్కడా గీత లేదు.