14 గుంజల కొట్టం: గోతుల నుంచి రేకుల దాకా

పాత కంచె పీకేస్తుంటే ఒక గుంజ రెండు ముక్కలై చేతికొచ్చింది. పై ముక్క గట్టిగా ఉంది. మట్టిలో లోతుగా దిగిన కొస కూడా గట్టిగానే ఉంది, స్క్రూడ్రైవర్‌తో పొడిచినా దిగలేదు. విరిగింది సరిగ్గా నేల మట్టం దగ్గర. అక్కడ జానెడు మేర కర్ర చివికి, నడుము సన్నబడి, వేళ్ల మధ్య నలిపితే పొట్టులా రాలింది. ఆ ముక్కల్ని పారేయకుండా పనిముట్ల బల్ల కింద దాచుకున్నాను. ఈ కొట్టం విషయంలో నేను తీసుకున్న నిర్ణయాల్లో సగం వాటిని చూసి తీసుకున్నవే.

కర్రను తినే బూజుకు తేమా కావాలి, గాలీ కావాలి. నేలకు పైన గాలి ఉంటుంది గానీ కర్ర త్వరగా ఆరిపోతుంది. లోతులో తేమ ఉంటుంది గానీ గాలి చాలదు. రెండూ సరిపడా దొరికేది నేల మట్టం దగ్గరే. గాలి గోడను నెట్టినప్పుడు గుంజను వంచే బలం ఎక్కువగా పడేదీ ఆ దరిదాపుల్లోనే. అందుకే నాకు కప్పు కంటే, గోడల కంటే, గుంజ మొదలు గురించే టెన్షన్ ఎక్కువ.

నేను కడుతున్నది పునాది గోడ లేని కొట్టం. ఇంగ్లీషులో పోల్ బార్న్ అంటారు. గుంజలే పునాది, గోడలకు ఆధారం గుంజలే, కప్పు బరువంతా దిగేదీ గుంజల మీదుగానే. గుంజలు నాటి కప్పు వేసుకోవడం మనిషికి ఎప్పటి నుంచో తెలుసు. మందు పట్టించిన గుంజలూ రేకులూ కలిపి ఇప్పుడు మనం చూసే రూపానికి దీన్ని తెచ్చింది మాత్రం 1930లలో అమెరికాలో హోవార్డ్ డోన్, ఆయన దగ్గర పొలాలు చూసుకున్న జార్జ్ పెర్కిన్స్. తక్కువ కర్రతో, తక్కువ కాంక్రీటుతో పెద్ద జాగా కప్పుకోవచ్చు. నాలాంటి సెలవు రోజుల పనివాడికి ఇంతకంటే అనువైనది లేదు.

నా కొట్టం వెడల్పు 24 అడుగులు, పొడవు 32, చూరు ఎత్తు 10. ఒక సగంలో ట్రాక్టరు, గడ్డి. మిగతా సగంలో నా కర్ర పని. పొడుగు వైపుల 8 అడుగులకు ఒకటి చొప్పున ఐదేసి గుంజలు, వెనక గోడలో మధ్యన రెండు, ముందు వైపు 12 అడుగుల తలుపుకు అటూ ఇటూ రెండు. మొత్తం 14.

1వ వారం

ముందు చేసిన పని వానలో తిరగడం. జోరు వాన తగ్గగానే బూట్లు వేసుకుని స్థలమంతా తిరిగాను. నేను మొదట అనుకున్న చోట, దారికి దగ్గరగా, మడమ లోతు నీరు నిలిచింది. అక్కడి నుంచి 40 అడుగులు పైకి జరిపాను. నడక కొంచెం పెరిగింది, పెరగనీ.

అనుమతి కాగితాలు, భూమిలో కరెంటు తీగలూ నీటి పైపులూ ఎటు పోతున్నాయో గుర్తులు పెట్టించడం, ఈ రెండూ అయ్యాకే గడ్డపార పట్టాను.

మూలలు కలపడానికి రోజంతా పట్టింది. మేకులు సరిగ్గా మూలల్లో కొడితే గొయ్యి తవ్వగానే అవి పోతాయి. అందుకని మూలకు 4 అడుగుల అవతల రెండేసి చిన్న గూటాలు పాతి, వాటికి అడ్డంగా పలక కొట్టి, ఆ పలకల మీద నుంచి దారాలు లాగాను. పలక మీద దారం ఉండే చోట రంపంతో చిన్న గాటు పెడితే, దారం విప్పి తవ్వుకుని మళ్లీ అదే గాట్లో కట్టుకోవచ్చు. 24, 32 అనే కొలతలు నేను కావాలనే ఎంచుకున్నాను. 3-4-5 లెక్కను ఎనిమిదింతలు చేస్తే 24-32-40. అంటే ఎదురెదురు మూలల మధ్య టేపు సరిగ్గా 40 అడుగులు చూపించాలి. మొదటిసారి ఒకటి 40 అడుగుల 2 అంగుళాలు, ఇంకోటి అంతకు తక్కువ వచ్చింది. దారాలు జరుపుతూ జరుపుతూ సాయంత్రానికి రెండూ పావు అంగుళం తేడాలోకి వచ్చాయి. అక్కడితో వదిలేశాను.

2, 3 వారాలు

గోతులు. అద్దెకు తెచ్చిన డ్రిల్లుతో 18 అంగుళాల వెడల్పు, నాలుగున్నర అడుగుల లోతు. ఒక్కో గోతిలోంచి దాదాపు 8 ఘనపుటడుగుల మట్టి వస్తుంది, వదులయ్యాక అది ఇంకా ఉబ్బుతుంది. ఆ కుప్పల్ని దారానికి కనీసం ఒక గజం అవతల వేయండి. నేను మొదటి రోజు అలా వేయలేదు. కుప్ప జారి దారాన్ని ఆనుకుంది, గొయ్యి అంగుళంన్నర లోపలికి జరిగిపోయింది. పారతో పక్కలు చెక్కి సరిచేశాను.

గోతి అడుగున వదులు మట్టి ఉంచకూడదు. యంత్రం ఎంత బాగా తవ్వినా అడుగున నాలుగు వేళ్ల మందాన పొడి మట్టి మిగులుతుంది. దాని మీద కాంక్రీటు పోస్తే బరువు పడ్డాక గుంజ దిగిపోతుంది. పొడుగు పిడి డబ్బాతో తోడి, దిమ్మిసతో కుదించి, అప్పుడు 6 అంగుళాల మందం కాంక్రీటు దిమ్మ పోశాను. గుంజ ఈ దిమ్మ మీద నిలబడుతుంది. మెత్తటి నేల అయితే దిమ్మ వెడల్పూ మందమూ ఇంకా పెరగాలి. చలికి నేల గడ్డకట్టే ప్రాంతాల్లో ఆ లోతుకు కిందకే దిమ్మ దిగాలి, లేకపోతే నేల ఉబ్బి గుంజను పైకి నెడుతుంది.

వానకు మూడు గోతులు నిండి, ఒకదాని అంచు కూలింది. అన్నీ ఒకేసారి తవ్వి పెట్టుకోవడం వల్ల వచ్చిన తిప్పలు. సగం తవ్వి, దిమ్మలు పోసి, రేకుముక్కలు కప్పి, అప్పుడు మిగతా సగానికి పోయి ఉండాల్సింది.

4వ వారం: గుంజలు

కొనేటప్పుడు కర్రకు ఏ మందు పట్టించారో, అది ఏ వాడకానికో తగిలించిన చీటీ మీద చదవండి. నేలకు పైన వాడే కర్ర వేరు, నేలలో పాతి బరువు మోయించే కర్ర వేరు. రెండూ ఆకుపచ్చగానే కనిపిస్తాయి. పేరుకు 6 అంగుళాల గుంజ అయినా చిత్రిక పట్టాక ఉండేది ఐదున్నరే. 16 అడుగుల పొడవు, మందు తడి ఇంకా ఆరనిది, ఒక్కోటి 70 కిలోల దాకా తూగింది.

మందు కర్ర లోపలి దాకా పోదు. కోసిన చోట లోపలి పచ్చి కర్ర బయటపడుతుంది. కాబట్టి కోసిన కొస ఎప్పుడూ పైకే ఉండాలి, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొసే నేలలోకి పోవాలి. గుంజల కింది కొసలు సమం చేయడానికి నేను ప్రయత్నించలేదు. అన్నీ నాటాక నీటి గొట్టంతో ఒకే మట్టం గుర్తు పెట్టి తలలు కోశాను. అలా చేస్తే గోతుల లోతులో అంగుళం అటూ ఇటూ ఉన్నా బాధ లేదు. కోసిన చోటా, రంధ్రాలు చేసిన చోటా కాపర్ నాఫ్తనేట్ (కర్ర చివకకుండా పూసే రాగి మందు) రెండు పూతలు.

ఈ కొత్త మందుల్లో రాగి ఎక్కువ. మామూలు మేకుల్ని అది కొన్నేళ్లలోనే తినేస్తుంది. మందు కర్రలోకి దిగే ప్రతి మేకూ, ప్రతి బోల్టూ హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచి తీసినది) అయినా కావాలి, స్టెయిన్‌లెస్ అయినా కావాలి. పైపైన మెరిసే పల్చటి జింకు పూత సరిపోదు.

కొట్టం కూలడమంటే కిందికి పడటమనే అనుకుంటాం. కానీ ఒక పక్క తెరిచి ఉన్న కొట్టంలోకి గాలి దూరితే కప్పును పైకి లేపుతుంది. గుంజను కిందికి దిగకుండా దిమ్మ ఆపుతుంది, పైకి రాకుండా ఏది ఆపుతుంది? అందుకని గుంజ కింది కొస నుంచి ఒక అడుగు, అడుగున్నర ఎత్తుల్లో రంధ్రాలు చేసి, అర అంగుళం ఇనుప ఊచలు అడ్డంగా దూర్చాను. వాటి చుట్టూ గోతిలో కాంక్రీటు కాలర్ పోశాను. ఇప్పుడు గుంజ లేవాలంటే ఆ కాంక్రీటునూ, దాని మీది మట్టినీ మోసుకుని లేవాలి.

నిలబెట్టడానికి తమ్ముడు వచ్చాడు. గుంజ అడుగు గోతిలోకి జారిస్తూ రెండో కొస ఎత్తుకుంటూ పోతే దానంతటదే నిలబడుతుంది. గోతి గోడ ఒరుసుకోకుండా ఎదురుగా ఒక పలక నిలబెట్టాలి. తర్వాత రెండు పక్కల స్పిరిట్ లెవెల్ పెట్టి, రెండు దిక్కులకు ఊతకర్రలు కొట్టాలి. రెండు దిక్కులకు అని నొక్కి చెబుతున్నాను. చీకటి పడుతోందని 7వ గుంజకు ఒక దిక్కుకే ఊతకర్ర కొట్టి కాలర్ పోసేశాను. పొద్దున తమ్ముడు వెనక నుంచి ఒక కన్ను మూసి చూసి, "అన్నా, ఇది కాస్త బయటికి పోయినట్టు లేదూ?" అన్నాడు. లెవెల్ పెట్టి చూస్తే 8 అడుగుల ఎత్తులో అంగుళం బయటికి వాలింది. రాత్రి పోసిన కాంక్రీటు ఇంకా పూర్తిగా బిగియలేదు. గడ్డపారతో పగలగొట్టి, గుంజ పీకి, గొయ్యి శుభ్రం చేసి మళ్లీ పోసేసరికి మధ్యాహ్నం మూడయింది. అంగుళమేగా అని వదిలేస్తే ఎదురెదురు గుంజల ఆ జత మీద ట్రస్సు, అంటే కప్పును మోసే త్రికోణపు చట్రం, కూర్చోదు. ప్రతి రేకూ, ప్రతి అడ్డపట్టే ఆ అంగుళం దగ్గర మొరాయిస్తుంది.

కాలర్ మీద మిగిలిన గొయ్యిని ఒకేసారి నింపకూడదు. 6 అంగుళాలు కంకర కలిపిన మట్టి, దిమ్మిస దెబ్బలు, మళ్లీ 6 అంగుళాలు. దిమ్మిస కింద మట్టి మొదట మెత్తగా శబ్దం లేకుండా దిగుతుంది. కుదిరే కొద్దీ శబ్దం గట్టిపడి, చివరికి దెబ్బ చేతిలోకి తిరిగి వస్తుంది. ఆ దెబ్బ భుజానికి తెలిసేదాకా నేను తర్వాతి పొర వేయలేదు. ఒక పక్కనే కొడుతూ పోతే గుంజ ఆ పక్క నుంచి జరుగుతుంది, చుట్టూ తిరుగుతూ కొట్టాలి.

5 నుంచి 7వ వారం

నేల పైకి వచ్చాక పని పరుగెత్తింది. నేల మట్టంలో చుట్టూ మందు పట్టించిన పలక, దాని పైన 24 అంగుళాలకు ఒక అడ్డపట్టె. గుంజ తలలో అంగుళంన్నర లోతు గాడి తీశాను. ట్రస్సు ఆ గాడిలో కూర్చుని, మిగిలిన 4 అంగుళాల కర్రకు రెండు అర అంగుళం బోల్టులతో బిగుస్తుంది. బరువు గాడి మీద పడుతుంది, బోల్టులు పక్కకు జరగకుండా, పైకి లేవకుండా పట్టుకుంటాయి.

24 అడుగుల ట్రస్సుల్ని నేను చేయలేదు. మా దగ్గరి గాలికీ బరువుకీ ఇంజనీరు లెక్క కట్టినవే కొన్నాను, మీరూ అలాగే చేయండి. ట్రస్సు నిలువుగా ఎంత బలమో పక్కకు అంత బలహీనం. పర్లిన్లు, అంటే ట్రస్సుల మీద అడ్డంగా వేసే పట్టెలు, పడేదాకా ఒకటి ఒరిగితే అన్నీ వరసగా పడతాయి. మొదటి ట్రస్సును నేలలోకి దిగిన ఊతకర్రలతో కట్టేసి, రెండోది నిలబెట్టిన వెంటనే రెండింటినీ కలిపి ఐమూలగా పట్టెలు కొట్టాం. ఐదు ట్రస్సులకు నలుగురం, రెండు రోజులు. రెండో రోజు మధ్యాహ్నం గాలి లేచింది. ఇంకొకటే మిగిలింది, అయినా ఆపేశాం.

8వ వారం: రేకులు

కప్పు వాలు 12కి 4. సగం వెడల్పు 12 అడుగులకు ఎత్తు 4 అడుగులు, వాలు పొడవు 12 అడుగుల 7¾ అంగుళాలు. అడుగు చూరు కలుపుకుంటే 14 అడుగుల రేకు సరిపోయింది. వైపుకు 11, మొత్తం 22.

మొదటి రేకు మీద మొహమాటం వద్దు. అది చూరుకు మూలమట్టంగా పడకపోతే పదకొండో రేకు దగ్గరికి వచ్చేసరికి చూరు రంపపు పళ్లలా అవుతుంది. గాలి ఎక్కువగా వచ్చే దిక్కుకు అవతలి చివర మొదలుపెట్టాను, అలా చేస్తే ఒకదాని మీద ఒకటి ఎక్కిన అంచుల్లోకి గాలి దూరదు. స్క్రూ కింది రబ్బరు వాషరు అంచు కొద్దిగా ఉబ్బితే చాలు. ఇంకా బిగిస్తే రబ్బరు చీలి, రెండేళ్లకు అక్కడి నుంచే కారుతుంది. రోజు చివర డ్రిల్లు రాల్చిన ఇనుప పొట్టును మెత్తటి చీపురుతో ఊడ్చాను. వదిలేస్తే ఒక్క వానకే రేకు మీద తుప్పు చుక్కలు పడతాయి. రాత్రి చలికి రేకు అడుగున చెమట పట్టి గడ్డి మీద రాలకుండా రేకుల కింద ముందే ఆవిరి ఆపే పొర పరిచాను. తర్వాత వేయడం చాలా కష్టం.

ఇప్పటికి

కప్పు పూర్తయింది, రెండు పొడుగు గోడలు రేకు కట్టాయి. వెనక గోడ, జారుడు తలుపు మిగిలాయి. లోపల 6 అంగుళాల కంకర పోసి నేలను బయటి కంటే ఎత్తు చేశాను. బయట చుట్టూ 6 అడుగుల మేర మట్టిని వాలుగా దిద్దాను.

నిన్న వాన ఆగగానే స్క్రూడ్రైవర్ పట్టుకుని 14 గుంజల మొదళ్లూ తిరిగి చూశాను. పదమూడు చోట్ల నీరు జారిపోయింది. 9వ గుంజ దగ్గర అరచేయంత పల్లం పడి నీరు నిలిచింది, కొత్త మట్టి అక్కడ ఇంకా దిగుతోంది. రేపు పొద్దున రెండు తట్టల మట్టి, దిమ్మిస, ఆ తర్వాతే తలుపు పని.