బాత్రూంలో జారిపడింది

ఫిబ్రవరిలో మా పెద్దమ్మాయి ఎడమ మణికట్టు విరిగింది. ఆ రాత్రే హన్మకొండకు ఫోన్ చేసి, "బాత్రూంల జారిపడ్డదమ్మా, ఏం కాలే, చిన్న కట్టు కట్టిండ్రు" అని చెప్పాను. అందులో జారడం ఒక్కటే నిజం.

జారింది స్నోక్వాల్మీ కనుమలో. సియాటిల్‌కు తూర్పున 50 మైళ్లు, ఐ-90 హైవే మీద ట్రాఫిక్ లేకుంటే గంట. మన ఎన్ఐటీ పిల్లలు ఆదివారం పూట లక్నవరం పోయినట్టు, ఇక్కడి పిల్లలు బడి కాగానే బస్సెక్కి మంచుకొండకు పోతారు. చీకటిపడితే లైట్లు వేసి మరీ జారనిస్తారు.

మా అమ్మాయి స్నోబోర్డింగ్ నేర్చుకుంటానంటే ఏడాదిపాటు నేను ఒప్పుకోలేదు. స్కీయింగ్ అయితే కాళ్లు దేనికవి విడిగా ఉంటాయి, చేతుల్లో రెండు కర్రలైనా ఉంటాయి. స్నోబోర్డింగ్‌లో రెండు కాళ్లనూ ఒకే పలకకు బిగించేస్తారు, చేతికి ఏ ఆసరా ఉండదు. పిల్ల కాళ్లు కట్టేసి కొండ మీదినుంచి కిందికి వదలమని నేనే డబ్బులు కట్టాలా? ఆమె మాత్రం వాదన సిద్ధం చేసుకొని వచ్చింది. 1965 క్రిస్మస్ రోజున మిషిగన్‌లో షెర్మన్ పాపెన్ అనే ఆయన రెండు స్కీలను పక్కపక్కన జోడించి బిగించాడట, ఈ ఆట అక్కడ మొదలైందట. ఎవరికోసం చేశాడు? తన ఆడపిల్లల కోసం. "చూశావా, అది అమ్మాయిల కోసమే పుట్టింది" అంది. 1998లో ఒలింపిక్స్‌లోకి కూడా వచ్చిందని వాళ్ల నాన్న పక్కనుంచి అందించాడు. ఇద్దరూ ఒక్కటయ్యాక నేనేం చేస్తాను.

మొదటి పాఠం పడడమే. చేతులు చాపి నేలను ఆపబోతే మణికట్టు పోతుంది, పిడికిళ్లు బిగించి ముంజేతుల మీద పడాలి. నేను సైకిల్ నేర్చుకున్నప్పుడు కింద పడితే మా బాపు ముందు నాకు రెండు తగిలించి, తర్వాత సైకిల్‌ను లేపేవాడు. పడడాన్ని కూడా నేర్పుతారని నాకు ఈ పాఠంతోనే తెలిసింది. రెండో పాఠం పేరు 'రాలే ఆకు'. మడమల వైపు అంచు మీద బరువు పెట్టి, గాలికి ఆకు అటూ ఇటూ ఊగుతూ రాలినట్టు అడ్డంగా దిగడం. పలక మంచు మీద బల్లపరుపుగా ఉన్నప్పుడు దిగువ వైపు అంచు దిగబడిందంటే మాత్రం మనిషిని ఎత్తి కొడుతుంది. అక్కడి మంచు దూదిలా ఉండదు. సముద్రపు తేమతో తడిసి బరువుగా పడుతుంది. ఆ పర్వతాల పేరు కలిపి దానికి 'కాస్కేడ్ కాంక్రీట్' అని ముద్దుపేరు.

రోడ్డుకు అవతల ఆల్పెంటల్ అని నిటారు కొండ ఉంది. దాని దారుల మీద నల్ల వజ్రం గుర్తులు, అంటే కష్టమైన దారులని. మా అమ్మాయి చూపంతా దాని మీదే, నా భయమంతా కూడా దాని మీదే. తీరా పడింది తేలికైనదని ఆకుపచ్చ గుర్తు పెట్టిన దారి చివర, దాదాపు చదునుగా ఉన్నచోట. అంచు పట్టేసింది, నేర్చుకున్నదంతా మరిచి చెయ్యి చాపింది.

కట్టు ఉన్న ఆరు వారాలూ వీడియో కాల్‌లో ఫోన్ ఆమె ముఖానికే పెట్టి పట్టుకున్నాను. "ఎందుకు అబద్ధం చెప్పడం?" అని అడిగింది. అమ్మమ్మకు బీపీ అన్నాను. "చెప్తే అక్కడినుంచి ఆమె ఏం చేస్తది? భద్రకాళి గుడికి పోయి మొక్కుతది, రాత్రంతా నిద్రపోదు." ఆ జవాబు ఆమెకు నచ్చలేదు. అబద్ధమాడితే ఊరుకోనని ఆ పిల్లకు చిన్నప్పటినుంచి చెప్పింది నేనే కాబట్టి నాకూ అంత నచ్చలేదు.

జూన్‌లో హన్మకొండ వెళ్లాం. మూడో రోజు సాయంత్రం కరెంటు పోయింది. అందరం బయట గచ్చు మీద కూర్చున్నాం. మా అమ్మాయి వంటింట్లోంచి పీట తెచ్చి, దాని మీద పక్కకు తిరిగి నిలబడి, మోకాళ్లు వంచి, వాళ్ల అమ్మమ్మకు చూపించడం మొదలుపెట్టింది. తర్వాత మెల్లగా అంది: "అమ్మమ్మా, నేను బాత్రూంల పడలే. కొండ మీద పడ్డ."

అమ్మ నా వైపు చూడలేదు. పిల్ల మణికట్టు పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూసింది. "నొప్పి మొత్తం పోయిందా బిడ్డా?" అంది. కాసేపయ్యాక చీర కుచ్చిళ్లు కొంచెం పైకి జరిపి తన కుడికాలు ముందుకు చాపింది. చీలమండ దగ్గర వాపు అట్లాగే ఉంది. "నేను సుత పడ్డ. సద్దుల బతుకమ్మనాడు, పద్మాక్షి గుట్ట కాడ నీళ్లల్లకు దిగుతుంటే మెట్టు జారింది. పక్కింటోళ్లు దవాఖానకు తీస్కపోయిండ్రు."

ఆ రోజు నాతో ఫోన్‌లో, తలనొప్పిగా ఉంది, ఈసారి బతుకమ్మకు పోలేదు అని చెప్పింది. ఆ తర్వాత నెలరోజులు వీడియోలో ఆమె ముఖం, వెనక ఫ్యాన్ తప్ప ఏమీ కనిపించలేదు. నాకు అనుమానమే రాలేదు, ఆ విద్యలో నేనూ ఆరితేరినదాన్నే అయినా.

నాకు కోపం ఆగలేదు. "ఎనిమిది నెలలు! ఒక్క మాట చెప్పరాదా అమ్మా?"

"చెప్తే అక్కడికెల్లి నువ్వేం జేస్తవ్?"

మా అమ్మాయి నన్ను చూసింది. నేను గచ్చును చూశాను.

ఆమే లేచి అమ్మమ్మ ముందుకు వెళ్లి రెండు చేతులూ ఎత్తి, "అమ్మమ్మా, పిడికిలి. ఇట్ల. చెయ్యి చాపొద్దు" అంది. అమ్మ నవ్వింది. "గీ వయసుల పడుడు నేర్సుకోవాల్నా నేను!" అంటూనే పిడికిళ్లు బిగించింది. అంతలో కరెంటు వచ్చింది.

ఇప్పుడు ఆదివారం ఫోన్ చేస్తే మా అమ్మాయి మొదట అడిగేది "కాళ్లు చూపించు." అమ్మ గొణుక్కుంటూ ఫోన్ కిందికి వంచుతుంది. సగం సార్లు గచ్చు, ఒక మూల చీపురు కనిపిస్తాయి. పాదాలు దొరికేదాకా పిల్ల వదలదు. తర్వాత అమ్మ అంటుంది, "ఇగ నీ చేతులు."