మార్జిన్‌లో తెలుగు

మంగళవారం, రాత్రి 11

పొద్దున క్లినిక్ తెరిచి కంప్యూటర్ ఆన్ చేస్తుండగానే ఒకాయన లోపలికి వచ్చారు. యాభై ఏళ్ళు ఉంటాయి. ప్యాంటు మీద, బూట్ల మీద తెల్ల పెయింటు చుక్కలు. ఎడమ చెంపని అరచేత్తో గట్టిగా అదిమి పట్టుకుని "మే ద్వేలే లా మ్వేలా" అన్నారు. దవడ పన్ను నొప్పి అని. పళ్ళ డాక్టరు దగ్గర ఫ్రంట్ డెస్క్‌లో చేరి రెండేళ్ళయింది. ఈ మాట వారానికి నాలుగైదు సార్లు వింటాను. దాని అర్థం నేను ఏ పుస్తకంలోనూ చూసుకోలేదు, చెంప మీద చెయ్యి చూసే తెలుసుకున్నాను.

మామూలుగా ఇలాంటప్పుడు మా అసిస్టెంట్ అమ్మాయి వచ్చి స్పానిష్‌లో మాట్లాడుతుంది. ఆ టైముకి తను లోపల ఇంకో పేషెంటుతో ఉంది. ఫారం ఇచ్చాను, ఇన్సూరెన్స్ కార్డు తీసుకున్నాను, కుర్చీ చూపించాను. అన్నీ ఒక్కో ముక్కతో, చేతి సైగలతో. ఫారంలో ఒక గడి మిగిలింది. నొప్పి ఎప్పటినుంచి? ఆ ప్రశ్న ఎలా కూర్చాలో తెలియలేదు. ఆయన నా మొహం చూస్తున్నారు, నేను ఆయన మొహం చూస్తున్నాను. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అంత నొప్పితో వచ్చిన మనిషిని ఎన్నాళ్ళ నుంచండీ అని అడగలేకపోయాను. గడి ఖాళీగానే లోపలికి వెళ్ళింది. రూట్ కెనాల్‌కి గురువారం మళ్ళీ రమ్మన్నారు డాక్టరుగారు.

రోజంతా ఆ ఖాళీ గడే గుర్తొస్తూ ఉంది.

సాయంత్రం ఆరున్నరకి కాలేజీలో క్లాసు. బిగినింగ్ స్పానిష్ వన్, మంగళ, గురువారాలు. లాస్ కొలీనాస్ మీదుగా డ్రైవ్ చేసుకుంటూ వెళ్తాను. టెక్సస్‌లో ఇర్వింగ్ చుట్టుపక్కల తెలుగువాళ్ళం రోజుకి పదిసార్లు పలికే పేరు అది. మావారి ఆఫీసు కూడా అక్కడే. కొలీనా అంటే గుట్ట అని మూడో వారం క్లాసులో తెలిసింది. హైదరాబాద్‌లో బంజారాహిల్స్ అన్నట్టు ఇక్కడ ఇది. టెక్సస్ ఊళ్ళ పేర్లలో ప్లేనో అంటే చదునైనది, అమరిల్లో అంటే పసుపుపచ్చ. 1836 దాకా ఈ నేల మెక్సికోదే, స్పానిష్ పేర్లు ఇప్పటికీ ఎక్కడ చూసినా ఉన్నాయి. మనుషులూ ఉన్నారు. 2020 జనాభా లెక్కల ప్రకారం టెక్సస్‌లో దాదాపు 39 శాతం హిస్పానిక్‌లే, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్ళే. ఎనిమిదేళ్ళుగా ఆ పేర్ల మధ్య, ఆ మనుషుల మధ్య తిరుగుతున్నాను. ఒక్క పేరుకైనా అర్థం ఏమిటని అడగలేదు. ఇప్పుడు ఎగ్జిట్ బోర్డు కనిపించిన ప్రతిసారీ మనసులో తెలుగు చేసుకుంటున్నాను.

క్లాసులో ముందు పోయిన వారం క్విజ్ పేపర్లు ఇచ్చారు. ఇరవైకి పదిహేడు. పోయిన మూడూ సేర్, ఎస్తార్ దగ్గరే పోయాయి. ఇంగ్లీషులో 'ఈజ్' అనే ఒక్క మాట చేసే పనికి స్పానిష్‌లో ఈ రెండు క్రియలున్నాయి. శాశ్వతమైనదానికి సేర్, తాత్కాలికమైనదానికి ఎస్తార్ అని పుస్తకంలో ఉంది. కానీ ఎవరైనా చనిపోయారని చెప్పాలంటే ఎస్తార్ వాడాలి! అంతకంటే శాశ్వతం ఏముంటుంది?

అందుకే నా దారి నేను చూసుకున్నాను. తెలుగులో 'ఉన్నాను' అనాల్సి వస్తే ఎస్తార్. అసలు క్రియే అక్కర్లేకపోతే సేర్. 'ఇంట్లో ఉన్నాను' అంటే ఎస్తోయ్. 'మాది తెనాలి' అంటే సోయ్. ఇంకా ఆశ్చర్యం, ఏదైనా వేడుక ఎక్కడ అని చెప్పేటప్పుడు చోటు గురించే అయినా సేర్ వాడతారు. మనమూ అంతేగా. 'హోటలు బస్టాండు దగ్గర ఉంది' అంటాం, 'పెళ్ళి తిరుపతిలో' అని ఊరుకుంటాం. ఇది తట్టిన రోజు చాలాసేపు సంతోషంగా తిరిగాను. ఈ దారి అన్నిచోట్లా పనిచెయ్యదు. 'మా ఇల్లు పెద్దగా ఉంది' అనుకుని ఎస్తార్ రూపం ఎస్తా పెట్టాను, అక్కడ సేర్ రూపం ఎస్ రావాలి. 'పెద్దది' అనుకుని ఉంటే సరిగ్గా వచ్చేది. పేపరు పక్కన ఎర్ర పెన్నుతో అదే రాసుకున్నాను.

ఆ తర్వాత వచ్చింది ఈరోజు పాఠం, ఇష్టాయిష్టాలు చెప్పడం. నాకు కాఫీ ఇష్టం అని స్పానిష్‌లో రాయమన్నారు ప్రొఫెసోరా. దాదాపు అందరూ 'యో గుస్తో' అని మొదలుపెట్టారు. యో అంటే నేను. అది తప్పు. 'మే గుస్తా ఎల్ కఫే' అనాలి. ఇక్కడ కర్త నేను కాదు, కాఫీ. కాఫీయే నాకు రుచిస్తుంది. ఆవిడ ఇంగ్లీషులో మూడు రకాలుగా చెప్పారు, బాణాలు గీశారు. నా పక్కన కూర్చునే రిటైర్డ్ ట్రక్ డ్రైవరుగారు పెన్ను కింద పెట్టేసి, కాఫీ తాగేది నేనైతే వాక్యంలో పని కాఫీ చెయ్యడం ఏమిటి అన్నారు పాపం, నిజంగానే అర్థం కాక.

నేనూ మొదట అలాగే చూశాను. తర్వాత నోట్సు మార్జిన్‌లో తెలుగులో రాశాను. నాకు కాఫీ నచ్చుతుంది. అంతే! మే అంటే నాకు. తే అంటే నీకు. లే అంటే ఆయనకు, ఆమెకు. నోస్ అంటే మాకు. (మనకు కూడా అదే. మేము వేరు, మనం వేరు అనే తేడా స్పానిష్‌లో లేదు. పాపం అనిపించింది వాళ్ళని చూస్తే.) సినిమా నచ్చింది, పాటలు నచ్చాయి అన్నప్పుడు మన క్రియ సినిమాని బట్టీ పాటల్ని బట్టీ మారుతుంది తప్ప నన్ను బట్టి మారదు. వాళ్ళదీ అంతే. ఒకటైతే గుస్తా, ఎక్కువైతే గుస్తాన్. పుట్టినప్పటినుంచీ నేను మాట్లాడుతున్న వాక్యమే ఇది. ఆరు వారాలుగా ప్రతిదాన్నీ ఇంగ్లీషులోకి మార్చుకుని, అక్కడినుంచి స్పానిష్‌కి వెళ్తున్నాను. నేరుగా రాగలిగే ఇంటికి ఊరంతా తిరిగి వస్తున్నానని అప్పుడు తెలిసింది.

చెయ్యెత్తి, క్లినిక్‌లో వినే మాట అడిగాను. ప్రొఫెసోరా మొహం వెలిగిపోయింది. ఇది కూడా ఆ జాతిదే అని బోర్డు మీద రాశారు. మే ద్వేలే లా మ్వేలా. నాకు నొస్తోంది పన్ను. 'నా పన్ను' అని కూడా అనరు, నాకు అన్నాక మళ్ళీ నా ఎందుకు? మనం 'నాకు తల నొప్పిగా ఉంది' అన్నట్టే. రెండేళ్ళుగా రోజూ ఆ కౌంటరు ముందు నిలబడి ఎందరో నాతో నా వాక్యమే చెప్పారు. నాకు వినబడలేదు.

పొద్దుటి ప్రశ్న కూడా అడిగాను. దెస్దే క్వాందో లే ద్వేలే? దెస్దే అంటే నుంచి, క్వాందో అంటే ఎప్పుడు. మన 'నుంచి' వెనక వస్తుంది, వాళ్ళది ముందు వస్తుంది. ఆ 'లే' దగ్గర ఆగాను. అంటే 'ఆయనకు' కదా, ఎదురుగా ఉన్న మనిషిని అడిగేటప్పుడు ఎలా? అదే ఉస్తేద్ సంగతి అన్నారు. తూ అంటే నువ్వు, ఉస్తేద్ అంటే మీరు. పూర్వం బ్వెస్త్రా మెర్సేద్ అనేవారట, 'తమ దయ' అన్నట్టు. అది నలిగి నలిగి ఉస్తేద్ అయింది. ఎదుటివాళ్ళని నేరుగా పిలవకుండా వాళ్ళ దయని పిలవడం వల్ల క్రియ 'ఆయన'కి వాడేదే వస్తుంది. మీరు వస్తారు, ఆయన వస్తారు. మన దగ్గరా చివర ఒకటే! ప్రొఫెసోరాది కొలంబియాలోని బొగోతా. అక్కడ భార్యాభర్తలు కూడా ఒకరినొకరు ఉస్తేద్ అనుకోవడం మామూలేనట. క్లాసంతా ఆశ్చర్యపోయింది. మావారిని మీరు అనే నాకు వింతేమీ అనిపించలేదు.

బ్రేక్‌లో నా వెనక బెంచీ అబ్బాయితో మాట్లాడాను. పంతొమ్మిదేళ్ళు. ఇంటిపేరు స్పానిష్‌దే, మాట ఒక్కటీ రాదు. వాళ్ళ తాతగారి చిన్నతనంలో టెక్సస్ బళ్ళలో స్పానిష్ మాట్లాడితే శిక్షలుండేవి. ఆయన దెబ్బలు తిన్నారట. తన పిల్లలకి ఆ బాధ వద్దని ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడారు. ఇప్పుడు నాన్నమ్మకి వయసు మీదపడి ఇంగ్లీషు మర్చిపోతోంది, స్పానిష్ ఒక్కటే మిగిలింది. ఆవిడతో మాట్లాడాలని ఫీజు కట్టి నేర్చుకుంటున్నాడు. మా బాబుకి తొమ్మిదేళ్ళు. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. వాడిని ఎవరూ కొట్టలేదు, ఎవరూ వద్దనలేదు. మేమే తొందరలో ఇంగ్లీషులో అడిగేస్తాం, వాడు ఇంగ్లీషులో చెప్పేస్తాడు. ఆ అబ్బాయి చెబుతుంటే గొంతు పట్టేసినట్టయింది. రేపటినుంచి వాడి హోంవర్క్ టైములోనైనా తెలుగు వదలకూడదు.

తొమ్మిదింపావుకి ఇల్లు చేరాను. అత్తయ్య హాల్లో కూర్చుని మోకాళ్ళకి బామ్ రాసుకుంటున్నారు. వచ్చి రెండు నెలలయింది. పొద్దున్నే బాబుని స్కూలు బస్సు ఎక్కించి, అపార్టుమెంట్ల మధ్య బెంచీ మీద కాసేపు కూర్చుంటారు. అక్కడ ఒక మెక్సికన్ పెద్దావిడ స్నేహమయ్యారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, అత్తయ్యకీ రాదు. అయినా అరగంట గడిచిపోతుంది. పోయిన వారం ఆవిడ ఒక పండు చేతిలో పెట్టి పేరు చెప్పారట. "నారింజ అనే అంటోందమ్మా, చివర మాత్రం హ అంటోంది" అని అత్తయ్య చెబితే నేను పరుగున వెళ్ళి పుస్తకం తీశాను. నరాన్హా. సంస్కృతంలో నారంగ, పారసీకంలో నారంగ్, అరబ్బీలో నారంజ్. అరబ్బులు స్పెయిన్ దాకా తీసుకెళ్ళిన మాట. దాని మొదలు మన ద్రావిడ భాషల్లోనే ఉండొచ్చంటారు. ఎంత దూరం వెళ్ళి మళ్ళీ మా బెంచీ దగ్గరికి వచ్చిందో!

"ఇవాళ ఏం నేర్పారు?" అన్నారు అత్తయ్య.

"నొప్పులు" అన్నాను.

"అయితే నాకు పనికొచ్చేవే. ఆవిడ కూడా మోకాలు పట్టుకుని లేస్తుంది. నాకూ అంతేనని చెప్పాలని ఎన్నాళ్ళనుంచో ఉంది."

మే ద్వేలే లా రొదీయా అని చెప్పాను. మే అంటే నాకు, ద్వేలే అంటే నొస్తోంది, రొదీయా మోకాలు. మళ్ళీ చెప్పనక్కర్లేకపోయింది. క్లాసులో గంటసేపు బాణాలు గీస్తే గానీ దిగని వాక్యం, అత్తయ్య "నాకు నొస్తోంది మోకాలు, సరే" అని తీసుకున్నారు. త, ద కూడా పళ్ళకి నాలుక ఆనించి సరిగ్గా పలికారు. క్లాసులో చాలామంది ట, డ అంటారు.

క్యాలెండర్ వెనక పెద్ద అక్షరాలతో రాసివ్వమన్నారు. రాస్తుంటే రొదీయాలో మొదటి అక్షరం దగ్గర ఆపాను. మాట మొదట్లో వచ్చే ర గట్టిగా పలకాలి, పెఱ్ఱో అంటే కుక్క, పెరో అంటే కానీ, అంత తేడా ఉంది అని చెప్పాను. "బండి ర అని చెప్పవేం మరి" అన్నారు. చిన్నప్పుడు గుఱ్ఱానికి, ఎఱుపుకి అదే రాసేవాళ్ళట. నా చేతిలో పెన్ను తీసుకుని, నేను రాసిన ర కొట్టేసి ఱ పెట్టారు. ఱొదీయా. బాబు వచ్చి అదేం అక్షరం అని అడిగాడు. తెలుగులోనే అడిగాడు. మఞానా అని రాసి ఞ కూడా చూపించాను. ఇక్కడి పిల్లలకి తెలుగు నేర్పే మనబడి పుస్తకంలో ఈ అక్షరం ఎందుకుందని పోయిన నెల అడిగితే జవాబు చెప్పలేకపోయాను. రేపు అనే మాటలో ఉంది చూడు అన్నాను.

అత్తయ్య కాగితం మడిచి దిండు కింద పెట్టుకున్నారు. పది నిమిషాలకి మళ్ళీ పిలిచారు.

"ఒకటి కాదమ్మా, నాకు రెండు మోకాళ్ళూ నొప్పే. రెండైతే ఏమనాలి?"

మే ద్వేలెన్ లాస్ ఱొదీయాస్ అని కింద ఇంకో లైను రాసిచ్చాను. పొద్దున ఏడింటికల్లా లేపమన్నారు. ఆ మెక్సికన్ పెద్దావిడ మనవణ్ణి తీసుకుని బస్సు దగ్గరికి వచ్చే టైముకి తను బెంచీ దగ్గర ఉండాలట.