బీనా, ఎనిమిదా?

“అల్లుడా, గిది బీనా, ఎనిమిదా?” మామ సీడీ కవర్‌ను కిటికీ వెలుగుకు పట్టి అడిగిండు.

మిర్యాలగూడల మామ పనిచేసే రైస్‌మిల్లు ఆఫీసు. పాత కంప్యూటర్‌ల విండోస్ ఎక్స్‌పీ మళ్ల ఎక్కిస్తున్న. అందుకు సీడీ కవర్ స్టిక్కర్ మీది 25 అక్షరాల ప్రాడక్ట్ కీ కొట్టాలె. స్టిక్కర్ మీది ఊక దుమ్ము తుడిచీ తుడిచీ ఒక అక్షరం సగం చెరిగిపోయింది.

కండ్లను మోసం చేసేవి ఈ కీలల్ల చానా తీసేసిన్రు. ఓ, ఐ, ఎస్ ఉండవు. 0, 1, 5 ఉండవు. మొత్తం 24 గుర్తులే. కానీ బీ, 8 రెండూ ఉన్నయి.

బీ కొట్టిన, ఒప్పుకోలే. 8 కొట్టిన, ముందుకు పోయింది. నెట్ కూడా లేదు, దానికెట్ల తెలిసె?

ఆ 25 అక్షరాలు కలిస్తే ఒకే పెద్ద సంఖ్య. అందుల కొంచెమే క్రమసంఖ్య. మిగతాదంతా అది అసలుదేనని చెప్పే డిజిటల్ సంతకం. ఒక్క అక్షరం తప్పినా సంతకం కలవదు. ఎంత అందమైన ఏర్పాటో!

విండోస్ ఎక్కినంక చూపించే ప్రాడక్ట్ ఐడీ నంబర్‌ల నడుమ అంకెలు ఆ క్రమసంఖ్య నుంచే పుడుతయి. చివరి మూడంకెలు మాత్రం ఊరికే పడేవి, మళ్ల ఎక్కిస్తే మారొచ్చు. నడుమ ఏడంకెల గుంపుల ఆఖరిది కాపలా అంకె. ఏడూ కూడితే 7తోని నిశ్శేషంగా పోవాలె.

మామకు చెప్పిన. బస్తాల లెక్క రాసే చీటీ తీసి, వెనక కూడిండు. 28.

“కరెక్టే కదరా!” అని ఇంకోసారి కూడిండు. తర్వాత కీ మొత్తం పెద్దక్షరాలతోని లెక్కల పుస్తకం అట్ట లోపల రాసిపెట్టిండు. ఆ 8ని రెండుసార్లు దిద్దిండు.