ఒక్క గంట పని, ఒక్క ప్రశ్న

మంగళవారం, రాత్రి

మహిళల ఉపాధి మీద చేయబోయే సర్వే పైలట్ (ముందస్తు ప్రయోగం) ఫారాలు ఇవాళ చేతికొచ్చాయి. పొద్దుటి పూటంతా ఒక్క ప్రశ్న దగ్గరే గడిచింది. "మీరు పని చేస్తున్నారా?" అంటే "లేదండీ, ఇంట్లోనే ఉంటాను" అని జవాబు. అదే ఫారంలో రెండు పేజీలు తిప్పితే ఆవిడ రోజూ మూడు గంటలు కుటుంబ దుకాణం చూసుకుంటారని ఉంది. ఆవిడ అబద్ధం చెప్పలేదు, పని అంటే జీతం వచ్చేదే అనుకున్నారు. తప్పు ప్రశ్నది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ నిర్వచనంలో, గత 7 రోజుల్లో కూలి కోసమో లాభం కోసమో ఒక్క గంట పనిచేసినా ఉపాధి కిందే లెక్క. కుటుంబ వ్యాపారంలో జీతం లేకుండా సాయపడినా అంతే. అందుకని ఆ ప్రశ్నను నాలుగు ముక్కలు చేశాం: జీతానికి చేశారా, సొంత వ్యాపారం చేశారా, ఇంట్లోవాళ్ల వ్యాపారంలో సాయపడ్డారా, ఎప్పుడూ చేసే పని ఉండి ఈ వారానికి మాత్రం ఆగారా. నాలుగింటికీ "లేదు" అంటేనే ఉపాధి లేనట్టు. ఆవిడ బదులు ఇంటిపెద్ద జవాబు చెబితే ఈ జాగ్రత్తంతా వృథా. మనిషి దొరక్కపోతే వేరే వేళలో మళ్లీ వెళ్లాల్సిందే.

మధ్యాహ్నం శాంపిల్ లెక్క, అంటే ఎంతమందిని అడగాలన్నది. 95 శాతం నమ్మకంతో, 5 శాతం అటూ ఇటూగా ఒక నిష్పత్తి తేలాలంటే 384 మంది చాలంటారు. అది జనాభా మొత్తంలోంచి ఒక్కొక్కరికీ విడిగా చీటీ తీసినప్పటి మాట. ఫీల్డులో ఒకచోటికి వెళ్లి 20 ఇళ్లు చేసుకొస్తాం, పక్కపక్క ఇళ్లేమో ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ఆ పోలిక (సున్నా అంటే ఏమీ లేదు, ఒకటి అంటే అచ్చం ఒకేలా) 0.05 అనుకున్నా, శాంపిల్ 1 + (20 − 1) × 0.05 = 1.95 రెట్లు కావాలి. అంటే 384 కాస్తా 749 అవుతుంది. పది శాతం మంది జవాబివ్వరనుకుంటే 749ని 0.9తో భాగించాలి: 833. చాలామంది 1.1తో హెచ్చవేసి 824 దగ్గర ఆగుతారు, చివర్లో ఫారాలు తక్కువపడతాయి. మాకు 42 క్లస్టర్లు (ఒక్కోచోట 20 ఇళ్ల గుంపు), 840 ఇళ్లు అని తేలింది. క్లస్టరుకి పదిళ్లే చేస్తే 620 ఇళ్లు సరిపోతాయి గానీ 62 చోట్లకి తిరగాలి, ప్రయాణమే బడ్జెట్‌ని తినేస్తుంది. పట్టణాలకీ పల్లెలకీ విడివిడిగా అంకె కావాలంటే మాత్రం ఇదంతా రెండింతలు. నిధులిచ్చేవాళ్లకి ఈ మాట మొదటి రోజే చెప్పాలి. రిపోర్టు రాసేటప్పుడు చెబితే ఎవరూ వినరు.

అసలు సర్వే మొదలయ్యాక రోజూ రాత్రి చూడాల్సినవి రాసిపెట్టాం. నలభై నిమిషాలు పట్టే ఇంటర్వ్యూ పన్నెండు నిమిషాల్లో ముగిసిందా? వయసులన్నీ 30, 35, 40 దగ్గరే గుమిగూడాయా? అన్నిటికంటే ముఖ్యం, రోజులు గడిచేకొద్దీ "లేదు"లు పెరుగుతున్నాయా? "అవును" అని రాస్తే మరో పదిహేను ప్రశ్నలు అడగాలని ఎన్యూమరేటర్‌కి (ఇళ్లకి వెళ్లి ప్రశ్నలడిగే మనిషికి) వారంలో తెలిసిపోతుంది. అలసిన మనిషి సహజంగానే చిన్న దారి పడతాడు. అందుకే పదో వంతు ఇళ్లకి వేరే వ్యక్తిని పంపి, జవాబు మారడానికి వీల్లేని ఐదారు ప్రశ్నలు మళ్లీ అడిగిస్తాం. ఆదాయం గడిలో ఖాళీ వేరు, సున్నా వేరు, "తెలియదు" వేరు. "తెలియదు"కి పెట్టిన 999 కోడు తీయకుండా సగటు కడితే 999ని కూడా ఆదాయమే అనుకుని సగటు తప్పుగా వస్తుంది.

ఇలాంటి పొరపాట్లు చిన్నవి కావు. ప్రభుత్వ అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల్లో వృద్ధి సగటున మైనస్ 0.1 శాతమని 2010లో ఆర్థికవేత్తలు రైన్‌హార్ట్, రోగాఫ్ రాశారు. ప్రభుత్వ ఖర్చు తగ్గించే పొదుపు విధానాల చర్చల్లో ఆ పేపరును తెగ ఉదహరించారు. 2013లో హెర్న్‌డన్, యాష్, పోలిన్ అనే మరో ముగ్గురు పరిశోధకులు అదే స్ప్రెడ్‌షీట్ తెరిచి చూస్తే ఐదు దేశాల వరసలు సగటు సూత్రంలోకి రాలేదు. దాంతోపాటు వదిలేసిన కొన్ని ఏళ్లూ, సగటులో ఒక్కో దేశానికి ఎంత వెయిటు (ప్రాధాన్యం) ఇచ్చారన్న తీరూ సరిచేస్తే 2.2 శాతం వచ్చింది. అందుకే మా దగ్గర ప్రతి పట్టికనీ, మొదట కట్టినవాళ్ల ఫైలు చూడకుండా ఇంకొకరు ముడి డేటా నుంచి మళ్లీ కడతారు. రెండూ కలిసేదాకా పాలసీ బ్రీఫ్‌లో ఒక్క అంకె కూడా ఎక్కదు.

రేపు రెండో పైలట్. సగం ఇళ్లకి పాత ప్రశ్న, సగం ఇళ్లకి నాలుగు ముక్కల ప్రశ్న. ఏ ఇంటికి ఏదన్నది ట్యాబే నిర్ణయిస్తుంది, ఎన్యూమరేటర్ కాదు.